తంతి గదిలో ఆరేళ్ళు



హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. కొత్త ఊరు, కొత్త మనుషులు, అలవాటులేని తిండి, ఆదివారం వచ్చిందంటే ఇంటిమీద బెంగ. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈ నెల మీకు పదహారో ఏట ఇల్లు విడిచి, ఆరేళ్ళపాటు ఊరూరా తిరుగుతూ రాత్రిపూట కొలువుచేసి బతికిన ఒక అమెరికా కుర్రవాడి సంగతి చెబుతాను. అతడి పేరు థామస్ ఆల్వా ఎడిసన్.

"ఓ, బల్బు ఎడిసనా! మాకు తెలుసులెండి" అంటారు మీరు. అందుకే ఈ వ్యాసంలో నేను బల్బు జోలికి పోను. బల్బుకు పదేళ్ళు ముందు, జేబులో డబ్బు నిలవక, ఉద్యోగమూ నిలవక తిరిగిన ఎడిసన్‌ను మాత్రమే చూద్దాం.

అతడు 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రంలోని మిలాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అతడికి ఏడేళ్ళప్పుడు కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు తరలివెళ్ళింది. బడిలో చదివింది కొద్ది నెలలే. తల్లి నాన్సీ ఒకప్పుడు పంతులమ్మ. కొడుకును ఇంట్లో కూర్చోబెట్టి ఆమే చదువు చెప్పింది. పన్నెండో ఏట అతడు రైల్లో పత్రికలూ మిఠాయిలూ అమ్మే పనిలో చేరాడు. ఇంచుమించు ఆ వయసులోనే చెవుడు కూడా మొదలైంది.

1862లో మౌంట్ క్లెమెన్స్ స్టేషనులో ఒక సంఘటన జరిగింది. స్టేషను మాస్టరుగారి పసివాడు పట్టాలమీద ఆడుకుంటున్నాడు. ఒక గూడ్సు పెట్టె వాడి మీదికి దొర్లుకుంటూ వస్తున్నది. ఎడిసన్ ఉరికి పిల్లవాణ్ణి ఎత్తుకుని అవతలికి దూకాడు. ఆ తండ్రి మెకెంజీగారు ధనవంతుడు కాడు. తనకు వచ్చిన విద్య ఒక్కటే, తంతి. "నీకు అది నేర్పుతాను" అన్నాడు.

ఆ రోజుల్లో అది చిన్న బహుమతి కాదు. అమెరికాలో మొదటి తంతి వార్త 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు వెళ్ళింది. తర్వాత ఇరవై ఏళ్ళలో రైలు పట్టాలు పోయిన చోటికల్లా తంతి స్తంభాలూ పోయాయి. 1861లో అంతర్యుద్ధం వచ్చింది. నాలుగేళ్ళపాటు సాగిన ఆ యుద్ధానికి వెయ్యిమందికి పైగా తంతి పనివాళ్ళు వెళ్ళిపోయారు. ఊళ్ళలో మీట నొక్కేవాడు దొరక్క పదిహేను, పదహారేళ్ళ పిల్లలకూ కొలువులు దొరికాయి. సర్టిఫికెట్టు అడిగేవారు లేరు. యంత్రం ముందు కూర్చోబెట్టి పది నిమిషాలు చూసేవారు. చెయ్యి తిరిగినవాడైతే ఆ రాత్రికే ఉద్యోగం. ఒక ఊరు నచ్చకపోతే రైలెక్కి మరో ఊరు. ఇలా తిరిగే కుర్రవాళ్ళు అప్పట్లో అమెరికా అంతటా ఉండేవారు. పెద్దలు వాళ్ళను దేశదిమ్మరుల కిందే లెక్కగట్టేవారు.

మీలో తంతి కార్యాలయం చూసినవాళ్ళు ఉండరు. మన దేశంలో 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయింది. మీ తాతగారిని అడగండి, "టెలిగ్రాం వచ్చింది" అనగానే ఇంట్లోవాళ్ళ గుండె ఎలా గుభేలుమనేదో చెబుతారు. కాబట్టి ఆ యంత్రం ఎలా పనిచేసేదో ముందు తెలుసుకోవాలి. అది తెలియకపోతే ఎడిసన్ కథలో సగం అర్థం కాదు.

పంపేవాడి దగ్గర ఒక మీట ఉంటుంది. నొక్కితే విద్యుత్ వలయం పూర్తవుతుంది, వదిలితే తెగుతుంది. రెండు ఊళ్ళ మధ్య ఒక్క తీగే ఉంటుంది. ప్రవాహం తిరిగివచ్చే దారి భూమే. అందుకోవాల్సిన ఊళ్ళో ఒక ఇనుప కడ్డీకి తీగ చుట్టి ఉంటుంది. ప్రవాహం వచ్చినంతసేపూ అది అయస్కాంతమవుతుంది, పైనున్న ఇనుప పట్టీని "టక్"మని కిందికి లాగుతుంది. ప్రవాహం ఆగగానే స్ప్రింగు ఆ పట్టీని పైకి లాగుతుంది. అప్పుడు మరో "టక్".

ఇక్కడొక చమత్కారం ఉంది. చుక్కకు పొట్టి శబ్దం, గీతకు పొడుగు శబ్దం వస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ యంత్రంలో పొడుగు శబ్దమే లేదు. ఉన్నవన్నీ టక్కులే. కిందికి పడ్డ టక్కుకూ పైకి లేచిన టక్కుకూ నడుమ ఎంత విరామం ఉందన్నదే చెవి పట్టుకోవాలి. విరామం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. నిమిషానికి 30, 40 మాటలు వస్తుంటే ఆ విరామాలను విడదీసి, అక్షరాలు చేసి, కాగితంమీద పెట్టాలి. చెవిటివాడికి ఇది ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. తన చెవుడు మేలే చేసిందని ఎడిసన్ చెప్పుకున్నాడు. గదిలో పది యంత్రాలు మోగుతున్నా పక్కవాటి గోల అతడికి వినిపించదు. తన బల్లమీది యంత్రం ఒక్కటే వినిపిస్తుంది.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. ఎనిమిది సెంటీమీటర్ల ఇనుప మేకును ఒక చెక్కముక్కలో దిగగొట్టి నిలబెట్టండి. ఎనామిల్ పూసిన సన్నని రాగితీగను దానికి నూరు చుట్లు చుట్టి, రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్దండి. పాలడబ్బా రేకును సన్నగా కత్తిరించి, ఒక చివర మరో చెక్కకు బిగించండి. రెండో చివర మేకు తలకు రెండు మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. రెండు టార్చి ఘటాలను వరుసగా కలిపి, తీగ కొసను తాకించి తీయండి. టక్కుమంటుంది. తాకించి అలాగే పట్టుకుంటే తీగ వేడెక్కుతుంది, ఘటాలూ నీరసిస్తాయి. ఇంట్లో గోడమీది ప్లగ్గు దగ్గరికి మాత్రం ఈ తీగలు తీసుకుపోవద్దు. అది ప్రాణాలతో చెలగాటం.

ఇక కథలోకి వద్దాం. 1863లో ఎడిసన్‌కు కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ జంక్షన్లో ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 25 డాలర్లు. సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు దాకా పని. పగలు నిద్రపోవాలి గదా? అతడు పగలంతా ప్రయోగాలు చేసేవాడు. రాత్రి కునుకు వచ్చేది. రాత్రి పనివాళ్ళు నిద్రపోకుండా రైల్వేవారు ఒక నియమం పెట్టారు. తొమ్మిది దాటాక గంటకొకసారి ప్రధాన స్థానానికి ఒక సంకేతం పంపాలి. ఎడిసన్ ఏం చేశాడనుకుంటున్నారు? గడియారానికి ఒక చక్రం తగిలించాడు, దాని అంచున గంట్లు కోశాడు. గంట కొట్టే వేళకు చక్రం తిరిగి, ఆ గంట్లే వలయాన్ని కలిపి విడదీసి సంకేతం పంపేవి. కుర్రవాడు హాయిగా నిద్రపోయేవాడు. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి సంకేతం ఠంచనుగా వస్తున్నది, కానీ వెంటనే అక్కడికి పిలిస్తే ఎవరూ పలకడం లేదు! కొన్నాళ్ళకు గుట్టు బయటపడి చీవాట్లు తిన్నాడు.

ఈ కథను చాలామంది నవ్వుతూ చెబుతారు. ఆ చక్రం తెలివైన పనే, కాదనను. కానీ ఆ సంకేతం ఉన్నది ఒక మనిషి మేలుకుని ఉన్నాడని తెలియడానికి. ఒంటి పట్టామీద రెండు వైపులనుంచీ రైళ్ళు నడిచే చోట, ఆ మేలుకున్న మనిషే రైళ్ళకు రక్ష. ఆ తర్వాత జరిగింది వినండి. ఒక రాత్రి "ఫలానా గూడ్సును ఆపు" అని ఆజ్ఞ వచ్చింది. ఎడిసన్ "సరే, ఆపుతాను" అని ముందే జవాబిచ్చేశాడు. తీరా సిగ్నలువాణ్ణి వెతుక్కుంటూ పోయేసరికి గూడ్సు స్టేషను దాటిపోయింది. పరుగున వచ్చి "ఆపలేకపోయాను" అని తంతి కొట్టాడు. కానీ అతడి మొదటి మాట నమ్మి, అవతలివాళ్ళు ఎదురుగా మరో రైలును అదే పట్టామీదికి వదిలేశారు. ఎడిసన్ చీకట్లో తర్వాతి స్టేషనువైపు పరుగెత్తి, ఒక కల్వర్టు దగ్గర గోతిలో పడి స్పృహ తప్పాడు. అదృష్టం ఏమంటే అక్కడ పట్టా తిన్నగా ఉంది. డ్రైవర్లు ఒకరి దీపం ఒకరు దూరంనుంచే చూసి బండ్లు ఆపుకున్నారు. పట్టా మలుపు తిరిగి ఉంటే? ఊహించుకోండి.

పై అధికారి టొరాంటోకు పిలిపించి, జైలుకు పంపిస్తానన్నాడు. ఇంతలో ఎవరో పెద్దమనుషులు వస్తే ఆయన వాళ్ళతో మాటల్లో పడ్డాడు. కుర్రవాడు మెల్లగా జారుకుని, గూడ్సు బండి ఎక్కి సరిహద్దు దాకా పోయి, పడవమీద మిషిగన్ ఒడ్డు చేరాడు. రావలసిన జీతం కూడా అడగలేదు. (ఇలాంటి కథలన్నీ ఎడిసన్ పెద్దవాడయ్యాక స్వయంగా చెప్పుకున్నవి. చెప్పగా చెప్పగా కొంచెం ఉప్పూకారం కలిసి ఉండవచ్చు. ఆ మాట మనసులో పెట్టుకుని చదవండి.)

అప్పటినుంచి మొదలైంది తిరుగుడు. ఏడ్రియన్, ఫోర్ట్ వేన్, ఇండియానాపొలిస్, సిన్సినాటి, మెంఫిస్, లూయీవిల్. మిషిగన్ నుంచి దక్షిణ రాష్ట్రాల దాకా సాగింది ఈ యాత్ర. ప్రతి ఊళ్ళోనూ ఒక పూటకూళ్ళ ఇల్లు, అందులో చౌక గది, గదిలో మరొక తంతి కుర్రవాడు. రాత్రి పని కోరి మరీ అడిగేవాడు. పత్రికల వార్తలు వచ్చేది రాత్రిపూటే, పగలు ప్రయోగాలకూ వీలుంటుంది. జీతంలో చాలా భాగం పుస్తకాలకూ, రసాయనాలకూ, తీగలకూ పోయేది. బట్టల మాట పట్టేది కాదు. ఒకసారి గడ్డకట్టే చలిలో, చూరుల నుంచి మంచు కడ్డీలు వేలాడుతుండగా, వేసవిలో తొడుక్కునే పలుచని నారబట్ట కోటుతో లూయీవిల్‌లో దిగాడు.

ఇండియానాపొలిస్‌లో ఉండగా అతడికి ఒక బాధ ఉండేది. పత్రికల వార్తలు వేగంగా వస్తాయి, అతడి చెయ్యి అంత వేగంగా రాయలేదు. స్నేహితుడితో కలిసి ఉపాయం ఆలోచించాడు. రెండు పాత యంత్రాలు సంపాదించాడు. ఒకటి వచ్చే చుక్కలనూ గీతలనూ కాగితపు పట్టీమీద నొక్కులుగా గుర్తువేస్తుంది. ఆ పట్టీనే రెండో యంత్రంలోంచి నెమ్మదిగా లాగితే ఆ నొక్కులే మళ్ళీ టక్కులవుతాయి. నిమిషానికి 40 మాటల చొప్పున వచ్చిన వార్తను 25 చొప్పున వింటూ తీరికగా రాసుకోవచ్చు. రాత ముత్యాల్లా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా. ఒక రాత్రి వార్తలు వెల్లువలా వచ్చాయి. పట్టీ పేరుకుపోయింది. పత్రికవాళ్ళు "ఎంత ఆలస్యం!" అని గోలపెట్టారు. ఆ ఏర్పాటు అంతటితో సరి. కానీ ఆ ఆలోచన చావలేదు. 1877లో ఇటువంటి నొక్కుల కాగితాన్ని వేగంగా లాగినప్పుడు వచ్చిన రొద మనిషి మాటలా తోచి, అది గ్రామఫోనుకు తాత అయిన ఫోనోగ్రాఫుకు దారితీసింది.

సిన్సినాటిలో ఉన్నప్పుడు, 1865 ఏప్రిల్ 14 రాత్రి, కార్యాలయం కిటికీలోంచి చూస్తే పత్రికాఫీసు ముందు జనం మూగి ఉన్నారు. సంగతేమిటో కనుక్కురమ్మని ఒక అబ్బాయిని పంపారు. వాడు పరుగున వచ్చి "లింకన్‌ను కాల్చేశారు!" అని అరిచాడు. తంతి పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వార్త వచ్చింది వాళ్ళ గదిలోంచే గదా! ఎవరి చేతిమీదుగా వచ్చింది? రాసిన కాగితాలు తిరగేశారు. వార్త దొరికింది. రాసినవాడికి తాను ఏం రాశాడో తెలియనే తెలియదు. చెవి విన్నది, చెయ్యి రాసింది, మనసు మాత్రం ఎక్కడో ఉంది. మీరు నోట్సు రాసుకునేటప్పుడు మీకూ ఇలా జరుగుతూనే ఉంటుంది. నా తరగతిలో రోజూ చూస్తున్నాను.

ఎడిసన్ అలా రాసేవాడు కాడు. తీగలు తడిసి ప్రవాహం కారిపోయినప్పుడు మధ్యలో మాటలు ఎగిరిపోయేవి. ఆ ఖాళీలు ఊహించి నింపాలంటే లోకంలో ఏం జరుగుతున్నదో తెలిసి ఉండాలి. అందుకని రోజూ పత్రికలన్నీ చదివేవాడు. చేతిరాతను కూడా పరీక్షకు పెట్టాడు. ఏ రకం రాత వేగంగా సాగుతుంది? నిలువుగా, చిన్నచిన్న అక్షరాలు, ఒకదానికొకటి తగలకుండా, తోకలూ మెలికలూ లేకుండా రాస్తే అన్నిటికన్నా వేగమని తేల్చుకుని అదే అలవాటు చేసుకున్నాడు. చివరిదాకా అదే రాత.

లూయీవిల్ కార్యాలయాన్ని గురించి చెప్పకుండా ఉండలేను. మేడమీద గది. పైకప్పు సున్నం మూడోవంతు ఊడిపోయింది. చీపురు తగిలిన జాడ లేదు. పక్కగదిలో ఘటాలు, ఒక్కచోటే నూరు దాకా. అప్పటి తంతి ఘటం మీ టార్చి ఘటంలాంటిది కాదు. పలుచని గంధకామ్లంలో జింకు, దాని లోపల సచ్ఛిద్రమైన మట్టి కుండ, ఆ కుండలో గాఢ నత్రికామ్లం, అందులో ప్లాటినం రేకు. ఒక్కో ఘటం రెండు వోల్టుల కన్నా కొంచెం తక్కువ ఇస్తుంది. ఇచ్చినంతసేపూ గోధుమరంగు నత్రజని ఆక్సైడు వాయువులను కక్కుతుంది. ఆ పొగ గొంతు మండిస్తుంది, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఆమ్లం కారి కారి బల్లలనూ నేలచెక్కలనూ తినేసింది. ఆ గది పక్కనే రాత్రంతా కూర్చుని వీళ్ళు దేశపు వార్తలు రాసుకున్నారు.

ఒక వేలంలో ఎడిసన్ ఒక ప్రసిద్ధ సాహిత్య పత్రిక పాత సంపుటాలు ఇరవై దాకా రెండు డాలర్లకు కొన్నాడు. తెల్లవారుజామున మూడింటికి పని దిగి, మూట భుజాన వేసుకుని గబగబా నడుస్తున్నాడు. చెవి పక్కనుంచి తుపాకీ గుండు దూసుకుపోయింది. దొంగసొత్తు మోసుకుపోతున్నాడనుకుని పోలీసు "ఆగు" అని కేకలేశాడు. ఇతడికి వినబడితే గదా! మూట విప్పి పుస్తకాలు చూపించాక పోలీసు, ఎందుకు ఆగలేదని విసుక్కున్నాడు. గురి తప్పబట్టి మనకు ఈ కథ మిగిలింది.

1866లో మరో ఇద్దరు కుర్రవాళ్ళతో కలిసి బ్రెజిల్ దేశం పోదామని న్యూ ఆర్లియన్స్ దాకా వెళ్ళాడు. అక్కడ దేశాలు తిరిగిన ఒక ముసలాయన "ఈ దేశం విడిచిపోతే బాగుపడవు" అని గట్టిగా చెప్పాడట. ఎడిసన్ వెనక్కు తిరిగాడు. తక్కిన ఇద్దరూ మెక్సికో వెళ్ళి అక్కడ పచ్చజ్వరంతో చనిపోయారని తర్వాత తెలిసింది. ఆ జ్వరం దోమవల్ల వస్తుందని అప్పటికి ఎవరూ నిరూపించలేదు. 1900లో గాని అది తేలలేదు.

ఆ రోజుల్లో తల్లికి రాసిన ఒక చిన్న ఉత్తరం దొరికింది. తాను బాగా ఎదిగాననీ, ఇప్పుడు చూస్తే పిల్లవాడిలా లేననీ రాశాడు. పుస్తకాల పెట్టె అందిందా అని అడిగాడు. చివర ఇంట్లో పిలిచే పేరు "ఆల్" అని సంతకం. వ్యాకరణం తప్పులున్నాయి. తిన్నానా లేదా, ఒంట్లో ఎలా ఉంది, ఒక్క ముక్క లేదు. చదివిన తల్లి ఏమనుకుందో మీ అమ్మగారిని అడిగితే చెబుతారు.

లూయీవిల్ ఉద్యోగం ఎలా పోయిందో వినండి. ఒక రాత్రి ప్రయోగం కోసం ఘటాల గదిలోంచి గంధకామ్లం తేబోయాడు. పెద్ద జాడీ ఒరిగిపోయింది. ఆమ్లం నేలచెక్కల సందుల్లోంచి కింది అంతస్తుకు కారి, మేనేజరుగారి బల్లనూ తివాచీనీ తినేసింది. మాకు కావలసింది తంతి పనివాళ్ళు, ప్రయోగాలు చేసేవాళ్ళు కాదని మర్నాడు ఆయన చెప్పేశాడు. మా బడి ప్రయోగశాలలో ఆమ్లం సీసా ఎత్తిన ప్రతిసారీ నాకు ఆ తివాచీ గుర్తుకొస్తుంది. నా సానుభూతి, ఏం చెప్పను, సగం మేనేజరుగారి వైపే.

1867లో ఇంటికి తిరిగి వెళ్ళి కొంతకాలం ఉన్నాడు. తల్లి ఆరోగ్యం బాగా లేదు. 1868లో బోస్టన్ నగరంలో పని దొరికింది. అక్కడివాళ్ళు వచ్చినవాడి బట్టలు చూసి నవ్వుకుని, ఆట పట్టిద్దామని న్యూయార్కులోకెల్లా వేగంగా పంపేవాణ్ణి తీగకు అవతల కూర్చోబెట్టారు. అవతలివాడు వేగం పెంచుతూ పోయాడు, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిపేశాడు. ఎడిసన్ కాసేపు తాపీగా రాసుకుంటూ పోయి, తర్వాత మీట తానే అందుకుని, "ఇక రెండో కాలితో పంపి చూడు" అన్న అర్థంలో ఒక మాట కొట్టాడు. గదిలో నవ్వులు మారిపోయాయి.

ఆ కార్యాలయంలో బొద్దింకలు ఎక్కువ. అర్ధరాత్రి ఫలహారంగా రొట్టెలూ తీపి వంటకాలూ అమ్మే ఒకాయన వచ్చేవాడు. కొని పెట్టుకున్నవాటి మీద బొద్దింకలు దండెత్తేవి. ఎడిసన్ గోడమీద రెండు తగరపు రేకు పట్టీలు దగ్గరదగ్గరగా అతికించి, ఒకదాన్ని ఘటమాల ధనధ్రువానికీ రెండోదాన్ని రుణధ్రువానికీ కలిపాడు. బొద్దింక ముందరి కాళ్ళు ఒక పట్టీమీద, వెనక కాళ్ళు రెండో పట్టీమీద వేసిందంటే వలయం పూర్తయినట్టే! పిట్ట తీగమీద వాలినా బతుకుతుంది, బొద్దింక చచ్చింది. ఎందుకో మీరే ఆలోచించండి.

బోస్టన్‌లోనే మైకేల్ ఫారడే విద్యుత్ పరిశోధనల గ్రంథం పాతది దొరికింది. ఫారడే కమ్మరివాని కొడుకు, పెద్ద గణితం చదువుకోనివాడు. ఏం చేశాడో, ఏం చూశాడో తేట మాటల్లో రాశాడు. అది ఎడిసన్‌కు సరిగ్గా సరిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి గదికి వచ్చి, పడుకోకుండా ఫలహారం వేళదాకా చదివేవాడు. పూటకూళ్ళ ఇల్లు ఒక మైలు దూరం. ఒకనాటి ఉదయం గదిలో ఉండే స్నేహితుడితో, చేయవలసింది చాలా ఉంది, బతుకు చిన్నది, తొందరపడాలి అని చెప్పి ఆ మైలు దూరమూ పరుగుతీశాడని ఆ స్నేహితుడే చెప్పాడు. చదివినవి చదివినట్టు చేసి చూసేవాడు కూడా.

1869లో కొలువు మానేసి యంత్రాలు చేయడానికే పూనుకున్నాడు. శాసనసభల్లో ఓట్లు విద్యుత్తుతో లెక్కపెట్టే యంత్రానికి ఆ జూన్ 1న పేటెంటు వచ్చింది. అది అతడి మొట్టమొదటి పేటెంటు. ఒక్క సభ కూడా కొనలేదు. ఓట్లు ఆలస్యంగా లెక్క తేలడమే సభ్యులకు కావలసింది! ఆ మధ్యలోనే లోపల సంభాషణలు మంతనాలు సాగుతాయి. అప్పులు మిగిలాయి.

పడవెక్కి న్యూయార్కులో దిగేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. వీధిలో టీ రకాలు రుచిచూసి మంచిచెడ్డలు చెప్పే ఉద్యోగి ఒకడు కనిపిస్తే, అడిగి ఒక కప్పు తాగాడు. అదే ఆ పూట ఫలహారం. ఎరిగిన తంతి పనివాడొకడు ఒక డాలరు అప్పిచ్చాడు. దానితో కాఫీ, పిండిలో ఆపిల్ పండు చుట్టి చేసిన ఒక వంటకం తిన్నాడు. అంత రుచి ఎన్నడూ ఎరగనని ముసలితనంలోనూ చెప్పేవాడు. రాత్రి పడుకోవడానికి బంగారం ధరలు తంతిమీద అందించే ఒక కంపెనీలో చోటు దొరికింది. ఎక్కడనుకుంటున్నారు? మళ్ళీ ఘటాల గదిలోనే.

పగలు ఊరికే కూర్చోక, ధరలు పంపే ఆ పెద్ద యంత్రాన్ని చూస్తూ, ఏ చక్రం దేన్ని తిప్పుతున్నదో గమనించాడు. మూడో రోజున అది ఒక్కసారి పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. నగరంలోని దళారుల కార్యాలయాలనుంచి పనికుర్రవాళ్ళు వందలకొద్దీ పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర అరుస్తున్నారు. యంత్రం చూసుకునే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. యజమాని కేకలు వేస్తున్నాడు. ఎడిసన్ దగ్గరికి వెళ్ళి చూశాడు. ఒక స్ప్రింగు తెగి రెండు పళ్ళ చక్రాల నడుమ ఇరుక్కుంది. ఆ మాట చెబితే "సరిచెయ్యి, సరిచెయ్యి!" అన్నాడు యజమాని. స్ప్రింగు తీసేసి, అంకెల చక్రాలను మళ్ళీ సున్న దగ్గరికి తెచ్చి, రెండు గంటల్లో అంతా నడిపించాడు.

ఇచ్చిన జీతం నెలకు 300 డాలర్లు. స్ట్రాట్‌ఫర్డ్‌లో అతడికి వచ్చింది 25. ఆ ఘటాల గదిలో పడుకోవలసిన అవసరం ఇక లేకపోయింది.